ఆరో కప్ప నిద్రపోవడం లేదు

మీరు బసవయ్య గారిని కలవాలి. వీలైతే కలవండి అనడం లేదు, కలిసి తీరాలి అంటున్నాను. సాయంత్రం ఐదున్నర దాటాక గుణదలలో కాలువ గట్టు మీదికి వెళ్లండి. తెల్ల పంచె, భుజాన గళ్ల తువ్వాలు, ఎండకి కమిలిన బట్టతల, ఎవరినో ఒకరిని తిడుతున్న గొంతు. ఆయనే. అడ్రసు అక్కర్లేదు, ఆ గొంతు వెంబడి నడిస్తే చాలు. పూజ పూలని ప్లాస్టిక్ కవరుతో సహా కాలువలోకి విసిరేవాళ్లని తిడతారు. కాలువలో బండి కడిగేవాళ్లని తిడతారు. మనుషులెవరూ దొరక్కపోతే నీళ్ల మీద పెరిగే గుర్రపు డెక్కని తిడతారు. మిమ్మల్నీ తిడతారు. ఏమీ అనుకోకుండా తిట్టించుకోండి.

ఆయన ముప్ఫై నాలుగేళ్లు లస్కరుగా పనిచేశారు. లస్కరంటే కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే మనిషి. నేను సివిల్ ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదివాను, ఆ మాట ఒక్క పుస్తకంలో కూడా నాకు తగల్లేదు. బసవయ్య గారి కాలువ బందరు వైపు పోయే చిన్న పిల్ల కాలువ. పద్నాలుగు కిలోమీటర్లు. మొదట్లో పెద్ద పెద్ద రైతుల పొలాలు, చిట్టచివర తుమ్మలదిబ్బ అనే ఊరు. అలా చివర ఉన్న భూముల్ని శివారు అంటారు. కాలువకి నీళ్లు వదిలితే మొదట ఉన్నవాళ్లు తూములు బార్లా తెరుస్తారు, శివారుకి బురద మిగులుతుంది. అందుకని బసవయ్య గారి పద్ధతి తలకిందులుగా ఉండేది. వంతు మొదలవగానే పై తూములన్నీ మూసేసి ముందు శివారుకి పంపేవారు. అక్కడ తడిసిందని కబురొచ్చాక ఒక్కో తూమూ తెరుచుకుంటూ పైకొచ్చేవారు.

షట్టరు తిప్పాలంటే ఇనుప హ్యాండిల్ కావాలి. మూసింతర్వాత ఆ హ్యాండిల్‌ని అక్కడే వదిలేస్తే, లస్కరు సైకిలెక్కి మలుపు తిరిగేలోపు ఎవడో ఒకడు వచ్చి తెరిచేస్తాడు. కాబట్టి లస్కరు షట్టరు దించగానే హ్యాండిల్ ఊడబీకి తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోతాడు. బసవయ్య గారికి ఇది ఎంత అలవాటైపోయిందంటే, రిటైరై పదేళ్లయినా ఇంట్లో గ్యాసు రెగ్యులేటరు కట్టేసి ఊడబీకి జేబులో వేసుకుంటారట. కోడలు ఛాయాదేవి గారు పప్పు సగం ఉడికాక వంటింట్లోంచి కేకలు పెడతారట, "మావయ్యగారూ, మళ్లీ పట్టుకెళ్లారా?" అని.

ఈ అలవాటు వల్లే పోయిన వేసవిలో ఆ గొడవ జరిగింది. గొడవ జరిగిన చోట నేనున్నాను. నా కోపం ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

ఊళ్లో కొత్తగా పిల్లల మ్యూజియం ఒకటి పెట్టారు. పేరు చెప్పను. అక్కడ అద్దాల పెట్టెలు, 'తాకరాదు' బోర్డులు ఉండవు. గోడ నిండా పెద్ద అక్షరాలతో 'అన్నీ ముట్టుకోండి' అని రాసి ఉంటుంది. సబ్బు బుడగ లోపల నిలబడొచ్చు. సైకిల్ తొక్కి బల్బు వెలిగించొచ్చు. మనిషంత పన్నుని చీపురంత బ్రష్షుతో తోమొచ్చు. నేను అక్కడ ఎక్స్‌ప్లెయినర్‌ని, అంటే పిల్లల పక్కన నిలబడి ఏది ఎందుకు జరుగుతోందో చెప్పే ఉద్యోగం. ఆ ఉద్యోగమంటే నాకు పిచ్చి ఇష్టం.

పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ ఎగబడేది 'మన డెల్టా' బల్ల దగ్గర. నాలుగు బారల పొడవున్న నీళ్ల బల్ల అది. ఒక చివర బుల్లి బ్యారేజీ, దాని కింద ఇత్తడి హ్యాండిల్ ఉన్న గేటు, అక్కడి నుంచి ఒక కాలువ, కాలువ పక్కన వరసగా ఆరు పొలాలు. ప్రతి పొలానికీ చేత్తో ఎత్తే చిన్న తలుపు. పొలంలోకి నీళ్లు నిండితే అడుగునుంచి ఆకుపచ్చ కప్ప పైకి తేలి బెకబెకమంటుంది. పొలం అడుగున సన్నటి కన్నం ఉంటుంది కాబట్టి తలుపు మూస్తే నీళ్లు కారిపోయి కప్ప మళ్లీ మునిగిపోతుంది. అందుకని ఎవరూ తలుపు మూయరు. ఐదు కప్పలు అరుస్తూనే ఉంటాయి. ఆరోది మాత్రం నేను చేరిన దగ్గర్నుంచీ లేవలేదు.

పంపు వీక్ అనుకున్నాం. రిపేరు వాళ్లు వస్తాం వస్తాం అంటూ రాలేదు. ఆరో పొలం దగ్గర నిలబడ్డ పిల్లలు ఏడుస్తుంటే నాకొక ఐడియా వచ్చింది. ముద్దొచ్చే అక్షరాలతో, పక్కన చందమామ బొమ్మతో స్టిక్కర్ చేయించి అంటించాను. 'ష్! ఈ కప్ప నిద్రపోతోంది.' ఏడుపులు తగ్గాయి. మేనేజర్ సుస్మిత గారు మీటింగులో నన్ను లేపి నిలబెట్టి అందరి చేతా చప్పట్లు కొట్టించారు.

మే నెలలో ఒక ఆదివారం. ఛాయాదేవి గారు నర్సు, ఆ రోజు డ్యూటీ. ముందుగా ఫోన్లో టికెట్లు తీసేసి పిల్లలిద్దర్నీ మావగారికి అప్పజెప్పారు. తొమ్మిదేళ్ల జయంత్, ఐదేళ్ల శ్రీదుర్గ. టికెట్ మీద కప్ప బొమ్మ ఉంటుంది. అది చూసిన రోజు నుంచీ శ్రీదుర్గ ఇంట్లో బెకబెకమంటూ గెంతుతూనే ఉందట. నాలుగు రోజులు. దానికి బుడగలొద్దు, సైకిలొద్దు, పన్నొద్దు. కప్ప లేవాలి, అంతే.

గొడవ గుమ్మంలోనే మొదలైంది. మా దగ్గర లోపలికి రావాలంటే రబ్బరు చుక్కలున్న పసుపు మేజోళ్లు తొడుక్కోవాలి. సెక్యూరిటీ యేసుకుమార్ మూడు జతలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటివి?"

"మేజోళ్లండీ. జారకుండా ఉంటానికి."

"నాచు పట్టిన తూము గోడల మీద ముప్ఫై నాలుగేళ్లు వట్టికాళ్లతో నడిచా. నీ పాలరాయి మీద జారతానా?"

"రూలండీ పెద్దయ్య గారూ."

"రూలు పెట్టినోణ్ణి పిలువు. వాడికి తొడుగుతా."

"తాతయ్యా, నావీ పసుపే, నీవీ పసుపే," అంది శ్రీదుర్గ. ఆయన గొణుక్కుంటూ తొడుక్కున్నారు. పంచె కింద పసుపు మేజోళ్లతో పెద్దాయన నడుస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకిప్పుడు గుర్తొస్తే బాగుండదు.

డెల్టా బల్ల దగ్గర ఆ గంటలో పుట్టినరోజు పార్టీ ఉంది. వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టున్న కిరణ్‌కుమార్ గారి అబ్బాయి భానుచందర్‌ది. కాగితం కిరీటాలు పెట్టుకున్న పిల్లలు ఐదు తలుపులూ ఆక్రమించేశారు. భాను మొదటి పొలం దగ్గర. ఫోటోగ్రాఫరు కెమెరా స్టాండు సర్దుతున్నాడు. శ్రీదుర్గ నా ముఖంలోకి చూసింది. "ఇక్కడ ఖాళీ ఉందమ్మా, రా," అని చెయ్యి పట్టుకుని ఆరో పొలం దగ్గర నిలబెట్టాను. అది లేవదని తెలిసే నిలబెట్టాను.

పాప తలుపెత్తింది. కాలువలో అక్కడిదాకా వచ్చేది వేలితో గీసిన గీతంత నీరు. పాప వంగి కన్నంలోకి చూసింది. జయంత్ స్టిక్కర్ చదివి వినిపించాడు. పాప వేలితో బల్ల మీద మెల్లగా తట్టింది.

"లే కప్పా. నేనొచ్చా. లే."

వెనక నుంచి బసవయ్య గారు, "ఏం రాశారురా అక్కడ? మళ్లీ చదువు," అన్నారు. వాడు మళ్లీ చదివాడు. ఆయన ఒక కన్ను మూసి కాలువ వెంట చూపు పైదాకా పోనిచ్చారు.

"అమ్మాయ్, ఇది రాసిందెవరు?"

"నేనేనండీ," అన్నాను నవ్వుతూ. "చిన్నపిల్లలు ఏడవకుండా ఉంటారని. పంపు కొంచెం వీకండీ, చివరిదాకా ప్రెషర్ రాదు."

"పంపుకేం రోగం? ఆ పైన చూడు, గేటెనక నీళ్లు పొర్లిపోతన్నయ్. ఇక్కడ ఐదు తూములూ నోళ్లు తెరుచుకుని కూచున్నయ్. ఇంక కిందికేం వచ్చుద్ది? నిద్రపోతందా ఇది? దీని గొంతు ఎండింది. గొంతెండినోణ్ణి చూపించి నిద్రపోతన్నాడని బోర్డు పెడతావా? ఏం చదువుకున్నావ్?"

"సివిల్ ఇంజనీరింగండీ."

"అదీ సంగతి."

ఆయన భాను దగ్గరికి వెళ్లారు. మొదట మంచిగానే అడిగారు, ఆ మాట నేను ఎవరి ముందైనా చెప్తాను. "బాబూ, నీ మడి నిండి పొర్లుతంది గదా. తలుపు మూసెయ్ నాయనా. చివర పాప చూడు, అప్పట్నుంచి నిలబడే ఉంది."

"మూస్తే నా కప్ప మునిగిపోద్ది."

"మళ్లీ లేపుకోవచ్చు. వంతులేసుకోండి."

"ఇవాళ నా బర్త్‌డే."

కిరణ్‌కుమార్ గారు వచ్చారు. "ఏంటి పెద్దాయనా, పిల్లాణ్ణి భయపెడుతున్నారు?"

"భయమేంటి? మూయమన్నా."

"మేం ఈ స్లాటుకి పార్టీ ప్యాకేజీ తీసుకున్నామండీ. ఫోటో అయిపోనివ్వండి, ఐదు కప్పలూ పైకుండాలి."

"ఆరు మళ్లు కదా ఉన్నయ్?"

"ఆరోది పాడైంది. రాసుంది చూడండి," అంటూ నా స్టిక్కర్ వైపు చెయ్యి చూపించారు. వాళ్ల పిల్లలెవరో కిలకిలా నవ్వారు. "నిద్రపోతోంది తాతా, గట్టిగా అరవకు, లేస్తది!"

బసవయ్య గారు బల్ల పై చివరికి నడిచి ఇత్తడి హ్యాండిల్ పట్టుకుని గేటు కిందిదాకా తిప్పేశారు. అంతటితో ఆగితే బాగుండేదేమో. చెయ్యి అలవాటు చెయ్యిది. హ్యాండిల్‌ని ఒక్క గుంజు గుంజి ఊడబీకి, తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నారు. అది ఊడుతుందని మాకెవ్వరికీ తెలియదు. బల్ల తయారుచేసినవాడు అసలు షట్టరు చూసి అచ్చం అలాగే చేసినట్టున్నాడు.

కాలువ ఆగింది. కప్పలు ఒక్కొక్కటే మునిగాయి. ఐదోది, నాలుగోది, ఆఖరికి భానుది. హాలంతా ఏడుపులు.

"హ్యాండిల్ కావాలంటే ఐదు తలుపులూ దించండి," అన్నారు బసవయ్య గారు. "పది నిమిషాలు. ముందు చివరిది నిండాలి. తర్వాత ఒక్కొక్కళ్లకీ నేనే ఇస్తా. మధ్యలో ఎవడైనా తలుపెత్తాడా, మళ్లీ కాలవ కట్టేస్తా."

"ఏం మనిషండీ మీరు? పుట్టినరోజు పిల్లాణ్ణి ఏడిపిస్తారా?" అని పార్టీ తల్లులు. "మ్యూజియం మీ తాతగారి సొమ్మా?" అని కిరణ్‌కుమార్ గారు. "కాదు, నీ తాతగారిదీ కాదు," అని ఈయన. జయంత్ తాతయ్య పంచె పట్టుకుని లాగుతున్నాడు. "పోదాం తాతయ్యా. అందరూ మననే చూస్తన్నారు." శ్రీదుర్గ తలుపు దించేసి రెండడుగులు వెనక్కి జరిగింది. "నాకు కప్ప వద్దులే తాతయ్యా."

ఆ మాటకి ఆయన ముఖం ఎర్రబడిపోయింది. "వద్దంటావేంటే? నాలుగు రోజులు ఇల్లంతా గెంతావ్. ఎవడో గట్టిగా అరిస్తే వద్దా? నిలబడక్కడ. నీ తలుపు నువ్వు పట్టుకో."

సుస్మిత గారొచ్చారు. చెడ్డ మనిషి కాదు. కానీ ఆ నెలలో పార్టీ బుకింగులు పెంచకపోతే ఆవిడ మీద పైవాళ్లు పడతారు. "సర్, ఆ పార్టు ఇచ్చెయ్యండి. కంప్లైంట్ ఉంటే పుస్తకంలో రాయండి, మేం చూస్తాం."

"రాయడం నాకు తెల్సమ్మా. నేను రాశాను. రాసే కదా ఇట్టయ్యా." ఆయన గొంతు పెరిగింది. హాల్లో అందరికీ వినబడుతోంది. "ఒక ఏడాది బ్యారేజీ నుంచే నీళ్లు తక్కువొచ్చినయ్. నేను పై తూములు కట్టేసి శివారుకి పంపా. ఇంకో పూటలో తుమ్మలదిబ్బకి అందుతయ్. జీపొచ్చింది. ఆఫీసరు దిగాడు, ఎనకాల పైఊరి పెద్దోళ్లు. 'బసవయ్యా, హ్యాండిలియ్యి, ఇది ఆర్డరు' అన్నాడు. ఇచ్చా. నాకూ ఇద్దరు పిల్లలు, క్వార్టరు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతా? ఇచ్చేశా. తుమ్మలదిబ్బ ఎండింది. అక్కడ దానమ్మ అనే ఆవిడ మూడెకరాలు కౌలుకి చేసేది. పది రోజులకి లాకుల కాడికి నడుచుకుంటా వచ్చింది. తిట్టుద్ది, దుమ్మెత్తి పోసుద్ది అని నిలబడ్డా. 'అన్నా, తాగటానికి కాసిని నీళ్లియ్యి' అంది. చెంబుతో ఇచ్చా. తాగి లేచిపోయింది. ఒక్క మాటన్లా. అర్థమవతందా? ఒక్క మాటన్లా నన్ను. ఆ నెల కాగితంలో 'శివారు వరకు నీరు అందినది' అని రాసుకొచ్చారు. కింద సంతకం నాది." ఆయన నా వైపు తిరిగారు. "మేం కాగితం మీద రాశాం. నువ్వు చందమామ బొమ్మేసి రాశావ్."

తర్వాత కిరణ్‌కుమార్ గారు గడియారం చూసుకున్నారు. "మేడమ్, ఇంకో పావుగంటలో మా స్లాటు అయిపోద్ది. ఆయన కథ వింటానికి వచ్చామా మేము?"

సుస్మిత గారు యేసుకుమార్‌ని పిలిచారు. "తీసుకో ఆయన దగ్గర. నీవల్ల కాకపోతే రేపట్నుంచి రావద్దు."

యేసుకుమార్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చెయ్యి చాపాడు గానీ తువ్వాలు తాకలేదు. "ఇచ్చెయ్యండి పెద్దయ్య గారూ. నా ఉద్యోగం పోద్దండీ."

బసవయ్య గారు వాడి ముఖం చూశారు, చాపిన చెయ్యి చూశారు. గేటుకి హ్యాండిల్ తగిలించి నాలుగు చుట్లు తిప్పి కాలువ వదిలారు. మళ్లీ ఊడబీకారు. నేరుగా నా దగ్గరికొచ్చి నా చేతిలో పెట్టారు.

"నువ్విక్కడి మనిషివే గదా. నీ దగ్గరుంటే వాడి తప్పు లేదు, పార్టు బయటికి పోలేదు. ఇంజనీరువి. ఆరోదానికి నీళ్లందేదాకా పట్టుకో. ఎవడన్నా తలుపెత్తితే గేటు కట్టెయ్. అందింతర్వాత ఎవరికి కావాలంటే వాళ్లకియ్యి."

బరువుగా ఉంది. ఆయన చంకలో ఉండడం వల్ల వెచ్చగా కూడా ఉంది.

పిల్లలు పెద్దవాళ్లకన్నా ముందు అర్థం చేసుకుంటారు. కిరీటాల పిల్లలు తలుపులు దించేశారు, భాను కూడా. నీళ్లు కాలువలో దిగుతుంటే వాళ్లు ఏడుపు ఆపి వాటి వెంట నడవడం మొదలుపెట్టారు. "రెండు దాటింది! మూడు దాటింది!" అని ఎవడో అరుస్తున్నాడు. శ్రీదుర్గ మళ్లీ బల్ల దగ్గరికొచ్చి తన తలుపెత్తి పట్టుకుంది, రెండు చేతులతో. పంపు వీక్ కాదు. ఎనిమిది నెలలు వీక్ అని చెప్పాను నేను, వచ్చిన ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ.

"ప్రత్యూషా," అన్నారు సుస్మిత గారు, మెల్లగానే. "హ్యాండిల్ ఇటివ్వు."

"రెండు నిమిషాలు మేడమ్. ఐదు దాటుతోంది."

"ఫోటోగ్రాఫరు వెయిట్ చేస్తున్నాడు. వాళ్లు రివ్యూ ఏం రాస్తారో తెలుసా? నేను అడగడం లేదు, ఇది ఆర్డర్."

నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది. రెన్యూ కాగితం ఆవిడ టేబుల్ మీద ఉంది. ఇంట్లో ఇద్దరం, నేనూ అమ్మా. బసవయ్య గారు నా వైపు చూడడం లేదు, నీళ్లనే చూస్తున్నారు. నేను మాట నిలబెడతానని నమ్మి చూడడం లేదో, చూస్తే నాకు కష్టమవుతుందని చూడడం లేదో తెలియదు.

ఇచ్చేశాను.

సుస్మిత గారు దాన్ని కిరణ్‌కుమార్ గారి చేతిలో పెట్టారు. ఆయన దాన్ని తగిలించి గేటు బార్లా తెరిచి, "ఎత్తండ్రా తలుపులు, టైం లేదు," అన్నారు. పిల్లలు ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు. భాను ఎత్తాడు. మిగతావాళ్లూ ఎత్తారు. అప్పటికే ఐదో తలుపు దాటిన కాసిని నీళ్లు ఆరో పొలంలోకి జారాయి. ఆకుపచ్చ తల ఒకటి అంగుళం పైకి తేలింది. రెండు తెల్ల కళ్లు.

"లేస్తంది!" అంది శ్రీదుర్గ.

అక్కడే ఆగి, మళ్లీ దిగిపోయింది. ఐదు కప్పలు బెకబెకమంటుంటే ఫోటో తీశారు. స్లాటు బెల్లు కొట్టారు.

బసవయ్య గారు గుమ్మం దగ్గర కూర్చుని మేజోళ్లు విప్పి, మడతపెట్టి యేసుకుమార్‌కిచ్చారు. పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని నా ముందు నుంచే వెళ్లాలి. నేను నిలబడ్డాను. తిడతారని నిలబడ్డాను. బండి కడిగేవాణ్ణి తిట్టేంత తిట్టయినా, గుర్రపు డెక్కని తిట్టేంత తిట్టయినా.

ఆగారు. "అమ్మాయ్, తాగే నీళ్లెక్కడుంటయ్? పిల్ల అడుగుతంది."

కూలరు చూపించాను. పాపకి పట్టించి, జయంత్‌కి పట్టించి, ఆయనా ఒక గ్లాసు తాగారు. గ్లాసు బోర్లించి, తలూపి వెళ్లిపోయారు.

నా కాంట్రాక్టు రెన్యూ అయింది. గొడవైన ఆదివారం తర్వాతి మంగళవారం పొద్దున మ్యూజియం తెరవకముందే వెళ్లి ఆయన చెప్పినట్టు చేశాను. ఐదు తలుపులు మూసి, నాలుగు చుట్లు వదిలి, హ్యాండిల్ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. తొమ్మిది నిమిషాలకి ఆరో కప్ప నిండుగా పైకొచ్చి అరిచింది. స్టిక్కర్‌ని గోరుతో గీకి తీసేశాను. మర్నాటికి కొత్తది అంటించారు. ఈసారి చందమామ పక్కన నక్షత్రాలు కూడా ఉన్నాయి. దాని కోసం సుస్మిత గారి మీద అరిచాను. వారం వారం అరుస్తూనే ఉన్నాను. 'ముందు చివరిది' అని బోర్డు పెడదామని మూడు ఉత్తరాలు రాశాను. ఇంతవరకూ జవాబు లేదు. హ్యాండిల్ మాత్రం ఊడకుండా వెల్డింగ్ చేయించారు, రెండు రోజుల్లో.

గట్టు మీదికి నాలుగైదుసార్లు వెళ్లాను. మంగళవారం పొద్దునే పాపని తీసుకురండి, ఎవరూ రాకముందు నేను తలుపులు మూసి లేపి చూపిస్తానని అడిగాను.

"ఎవరూ లేనప్పుడు లేస్తే ఏం గొప్పమ్మా?" అన్నారు. "అందరూ తెరుచుకుని కూచున్నప్పుడు లేవాలి."

గొంతు పెంచలేదు. ఆ వెంటనే అవతల ఎవరో కొబ్బరి చిప్పలు నీళ్లలో పారేస్తే లేచి వాళ్ల వంశాన్నంతా తిట్టిపోశారు. తిరిగొచ్చి కూర్చుని, "అమ్మ బాగుందా?" అని నన్ను మర్యాదగా అడిగారు. పక్కన శ్రీదుర్గ గట్టు మీద మట్టితో కాలువ కట్టుకుంటోంది. చివర గుంటలో ఒక ఆకుపచ్చ సీసా మూత పెట్టింది.

మీరు గట్టు మీదికి వెళ్లినప్పుడు ఆయన మిమ్మల్ని తిడితే, వచ్చి నాకు చెప్పండి. ఏమని తిట్టారో అక్షరం వదలకుండా చెప్పండి. దాంతోపాటు ఇంకొకటి కూడా చెప్పండి. హ్యాండిల్ మీ చేతిలో ఉంది. నీళ్లు ఐదో తలుపు దాటుతున్నాయి, ఇంకో రెండు నిమిషాలు చాలు. ఐదేళ్ల పిల్ల రెండు చేతులతో తలుపెత్తి పట్టుకుని ఉంది. మీ జీతం ఇచ్చే మనిషి చెయ్యి చాపి, ఇది ఆర్డర్ అంటోంది. మీరైతే ఏం చేసేవాళ్లు?